ఓడ నడవాలి, సముద్రం బతకాలి
(సమ్యక్ ఆజీవం మీద ధమ్మ ప్రసంగం)

  

ఈసారి మనం మాట్లాడుకోబోయేది సముద్రం గురించి, దాని మీద తిరిగే సరుకు ఓడల గురించి. ఈ మాట వినగానే ప్రొద్దుటూరులో, జమ్మలమడుగులో, పులివెందులలో ఉన్న మీకు ఒక ప్రశ్న వస్తుంది. "మనకు సముద్రం యాడుందన్నా? ఎండాకాలం వస్తే తాగేనీళ్ల ట్యాంకరు కోసం బిందెలు వరసపెట్టేటోళ్లం. మనకెందుకీ ఓడల గోల?" అని.

న్యాయమైన ప్రశ్నే. జవాబు మీ వంటింట్లోనే ఉంది. పొయ్యి కింద వెలిగే గ్యాసులో ఎక్కువ భాగం గల్ఫ్ దేశాల నుంచి ఓడల్లో వస్తోంది. బాణలిలో కాగే పామాయిల్ ఇండోనేషియా, మలేషియాల నుంచి ఓడల్లో మన రేవులకు చేరుతోంది. బండికి పోసే పెట్రోలు ముడి చమురుగా సముద్రం దాటి వచ్చిందే. 2020 జనవరి 30న మన పక్కనున్న తాడిపత్రి నుంచి అరటిపండ్ల కంటైనర్లతో ఒక ప్రత్యేక రైలు ముంబై దగ్గరి జవహర్‌లాల్ నెహ్రూ రేవుకు వెళ్లింది. అక్కడ ఆ పండ్లు ఓడెక్కాయి. పులివెందుల తోటలో గెల కోసే కూలి చెయ్యికీ ఆ ఓడకూ సంబంధం ఉంది. ప్రపంచంలో దేశాల మధ్య తిరిగే సరుకులో, పరిమాణం లెక్కన చూస్తే, 80 శాతానికి పైగా సముద్రం మీదే తిరుగుతోంది.

ఇంకో సంబంధం పెన్నమ్మది. కర్ణాటక కొండల్లో పుట్టి, గండికోట లోయను చీల్చుకుని, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు పక్కగా పారి, నెల్లూరు దాటి బంగాళాఖాతంలో కలిసే నది అది. పులివెందుల వైపు నీళ్లు కూడా చిత్రావతి, పాపఘ్ని ద్వారా ఈ పెన్నలోకే చేరతాయి. ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుకే కనపడుతుంది, నిజమే. కానీ వరద వచ్చిన నాడు మనం ఏటిలో పారేసిన ప్లాస్టిక్ కవరూ, ఆసుపత్రి చెత్తా, అన్నీ లేచి సముద్రం దారి పడతాయి. సముద్రం మనకు కనపడకపోవచ్చు. మనం చేసే పని మాత్రం అక్కడిదాకా పోతోంది. దీన్నే తథాగతుడు పటిచ్చ సముప్పాదం అన్నాడు. ఇది ఉంటే అది ఉంటుంది, ఇది ఆగితే అది ఆగుతుంది.

సముద్రం నేర్పిన పాఠం

అంగుత్తర నికాయంలో పహారాద సుత్తం ఉంది. అందులో మహాసముద్రానికి ఎనిమిది అద్భుత లక్షణాలు చెప్పి, ధమ్మానికీ సంఘానికీ అవే లక్షణాలు ఉన్నాయని బుద్ధుడు వివరించాడు. సముద్రం ఒక్కసారిగా లోతు కాదు, మెల్లమెల్లగా లోతవుతుంది. ధమ్మంలో శిక్షణ కూడా అంతే. సముద్రం తన గట్టు దాటదు. శ్రావకుడు శీలం దాటడు. సముద్రం అంతటా రుచి ఒకటే, ఉప్పు. ధమ్మం అంతటా రుచి ఒకటే, విముక్తి.

ఆ ఎనిమిదింటిలో మనవాళ్లు ఎప్పటికీ మరవకూడనిది ఇంకొకటి ఉంది. గంగ అయినా యమున అయినా సముద్రంలో కలిశాక దాని పాత పేరు పోతుంది. నాలుగు వర్ణాలవాళ్లు సంఘంలోకి వచ్చాక వాళ్ల పాత పేర్లూ అలాగే పోతాయి. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో లక్షల మందితో ధమ్మదీక్ష జరిగిన మరునాడు, బాబాసాహెబ్ తన ఉపన్యాసంలో ఈ ఉపమానాన్నే గుర్తుచేశారు. మన దీక్షకు అర్థం చెప్పడానికి ఆయనకు సముద్రమే పనికొచ్చింది.

ఆ సుత్తంలోనే ఇంకో లక్షణం: సముద్రం శవాన్ని తనలో ఉంచుకోదు, ఒడ్డుకు నెట్టేస్తుంది. దుశ్శీలుడు సంఘంలో ఇమడడని దీని భావం. ఈ కాలంలో ఈ మాటను ఇంకోసారి ఆలోచించాలి. ఇప్పుడు సముద్రం ఒడ్డుకు నెడుతున్నవి ఓడల నుంచి కారిన నూనె, కంటైనర్ల నుంచి ఒలికిన ప్లాస్టిక్ గుళికలు, ఊపిరాడక చచ్చిన తాబేళ్లు. మరి ఆ ఒడ్డున ఎవరుంటున్నారు? ఓడ యజమాని ఉండడు. సరుకు కొన్న షావుకారు ఉండడు. పట్టపోళ్ల గుడిసెలు, వలలు, తెప్పలు ఉంటాయి. ఈ ప్రసంగమంతా ఆ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

బౌద్ధం ఓడలకు శత్రువు కాదు

"అయితే ఓడలు ఆపేయమంటారా?" అని అడగొచ్చు. కాదు. బుద్ధుడికి మొదటి ఉపాసకులైన తపుస్స, భల్లికులు వర్తకులే. అశోకుని బిడ్డ సంఘమిత్ర బోధివృక్షం కొమ్మను తామ్రలిప్తి రేవు నుంచి ఓడలోనే సింహళానికి తీసుకుపోయిందని ఆ దేశపు చరిత్ర గ్రంథాలు చెప్తున్నాయి. మన ఆంధ్ర తీరంలో యజ్ఞశ్రీ శాతకర్ణి తన నాణేల మీద రెండు తెరచాపల ఓడ బొమ్మ వేయించాడు. విశాఖ దగ్గర సముద్రానికి ఎదురుగా కొండ మీదున్న తొట్లకొండ బౌద్ధారామంలో శాతవాహన నాణేలతో పాటు రోమన్ నాణేలు దొరికాయి. పాత కడప జిల్లాలోనే నందలూరు దగ్గర చెయ్యేటి ఒడ్డున బౌద్ధ స్తూపాల శిథిలాలున్నాయి. వర్తకుల దానంతో ఆరామాలు నిలిచాయి, వర్తకుల దారుల్లో ధమ్మం నడిచింది.

బాబాసాహెబ్‌కు చదువు దొరికింది కూడా ఓడ ఎక్కితేనే. 1913లో న్యూయార్క్‌కు వెళ్లింది ఓడలో. 1917లో ఆయన తిరిగి వచ్చేటప్పుడు, పుస్తకాలూ సామానూ వేరే ఓడలో వేశారు. మొదటి ప్రపంచ యుద్ధం జరుగుతున్న రోజులు. ఆ ఓడను జలాంతర్గామి ముంచేసింది. ఆకలి కడుపుతో కొనుక్కున్న పుస్తకాలు సముద్రం పాలయ్యాయి. ఆ నష్టానికి పరిహారంగా వచ్చిన 600 రూపాయలతో ఆయన బరోడాకు ఉద్యోగానికి బయలుదేరగలిగారని ఆయన జీవిత చరిత్ర చెప్తోంది. నష్టపోయినవాడికి పరిహారం దక్కడం అంటే ఏమిటో బాబాసాహెబ్ స్వయంగా ఎరుగుదురు. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్లీ వస్తాం దీని దగ్గరకు.

దుఃఖం ఉంది

నాలుగు ఆర్యసత్యాల దారిలోనే చూద్దాం. మొదటిది, దుఃఖం ఉంది.

2017 జనవరి 28 తెల్లవారుజామున, మన నెల్లూరు తీరానికి దక్షిణాన, చెన్నై దగ్గర ఎన్నూరు కామరాజర్ రేవు బయట రెండు ఓడలు గుద్దుకున్నాయి. ఒకటి గ్యాస్ ఓడ, ఇంకోటి చమురు ఓడ. చిక్కటి ఇంధన నూనె కారి తీరం పొడవునా నల్లటి ముద్దలా పేరుకుంది. మొదట్లో పెద్ద నష్టం లేదన్న మాటే వినపడింది. యంత్రాలు తెచ్చి పీల్చబోతే ఆ చిక్కదనానికి పని జరగలేదు. చివరికి ఏం చేశారు? మనుషుల్ని దింపారు. రోజుల తరబడి బకెట్లతో, మగ్గులతో, చేతులతో ఎత్తిపోశారు. పట్టపోళ్లు, కూలీలు, విద్యార్థులు మోకాలిలోతు నూనెలో నిలబడి చేశారు. సరైన తొడుగులు లేకుండా దిగినవాళ్లు చాలామంది.

ధమ్మ బంధువులారా, ఈ దృశ్యం మనకు కొత్తదా? ఒకరు మురికి చేస్తారు, ఇంకొకరు చేత్తో ఎత్తిపోయాలి. మన తాతలు చేసిన పనే ఇది. 2013లో చేత్తో పాకీపని చేయించడాన్ని నిషేధిస్తూ చట్టం వచ్చింది. మన వీధిలో తప్పైన పని సముద్రపు ఒడ్డున ఒప్పు ఎలా అవుతుంది?

2021 మే నెలలో కొలంబో దగ్గర ఎక్స్‌ప్రెస్ పెర్ల్ అనే కంటైనర్ ఓడకు మంటలంటుకున్నాయి. అందులో నైట్రిక్ ఆమ్లం ఉంది, వందల టన్నుల ప్లాస్టిక్ గుళికలున్నాయి. జూన్ 2న ఓడ మునిగింది. పప్పుగింజంత గుళికలు లంక తీరాన్ని మంచులా కప్పేశాయి. వందల తాబేళ్ల కళేబరాలు ఒడ్డుకు కొట్టుకొచ్చాయి. చేపలు పట్టుకునేవాళ్ల పని ఆగిపోయింది.

2025 మే 25న కొచ్చి దగ్గర ఎంఎస్‌సీ ఎల్సా 3 ఓడ 640 కంటైనర్లతో మునిగింది. ఓడలో ఉన్న 24 మందినీ కోస్ట్ గార్డు, నౌకాదళం ప్రాణాలతో బయటకు తెచ్చాయి. ఇది సంతోషించాల్సిన విషయం. ఓడ మీద పనిచేసేవాళ్లు కూడా పొట్టకూటి కోసం ఇల్లు విడిచి పోయినవాళ్లే. ఓడల భద్రత అంటే మొదట వాళ్ల ప్రాణాలు. కానీ తర్వాత తిరువనంతపురం దాకా తీరమంతా ప్లాస్టిక్ గుళికలు ఏరుకోవాల్సి వచ్చింది.

దుఃఖానికి కారణం ఉంది

రెండో సత్యం. ఈ ప్రమాదాలు ఆకాశం నుంచి ఊడిపడలేదు. బుద్ధుడు చెప్పిన లోభం, ద్వేషం, మోహం అనే మూడు వేర్లలో ఇక్కడ రెండు స్పష్టంగా కనపడతాయి.

లోభం: చౌకగా దొరుకుతుందని చిక్కటి మురికి నూనెను ఇంధనంగా వాడడం, యజమాని ఒక దేశంలో ఉండి నిబంధనలు తేలికగా ఉన్న ఇంకో దేశపు జెండా కట్టుకోవడం, కాలం తీరిన ఓడతో ఇంకో నాలుగేళ్లు లాభం పిండుకోవాలని చూడడం.

మోహం: కళ్లెదుట ఉన్నదాన్ని చూడకపోవడం. ఎక్స్‌ప్రెస్ పెర్ల్ కథలో దీనికి గట్టి ఉదాహరణ ఉంది. ఆమ్లం కారుతున్న కంటైనర్ సంగతి మంటలు రాకముందే ఓడవాళ్లకు తెలుసు. దాన్ని దించుకోమని దారిలో ఖతార్‌లోని హమద్ రేవులో, మన గుజరాత్‌లోని హజీరా రేవులో అడిగారు. రెండు చోట్లా దించుకోలేదు. ఓడ అలాగే ముందుకు పోయింది. ఎవరికి వారు "ఇది మన పని కాదు" అనుకుంటే చివరికి ఆ పని ఎవరి నెత్తిన పడింది? లంక తీరంలో వల వేసుకునే పేదవాడి నెత్తిన.

దుఃఖం తగ్గుతుంది

మూడో సత్యం చాలామంది మరచిపోతారు. బౌద్ధం నిరాశ నేర్పదు. కారణాన్ని తొలగిస్తే దుఃఖం తొలగుతుంది.

1970లలో చమురు ఓడల నుంచి 7 టన్నులకు మించి నూనె ఒలికిన ఘటనలు ఏడాదికి సగటున 70కి పైగా జరిగేవి. 2010లలో అవి ఏడాదికి 10 లోపుకు తగ్గాయి. ఈ మధ్యకాలంలో ఓడల్లో తీసుకెళ్లే చమురు తగ్గలేదు, నిబంధనలు పెరిగాయి. మార్పోల్ అనే అంతర్జాతీయ ఒప్పందం వచ్చింది. 1989లో అలాస్కాలో ఎక్సాన్ వాల్డెజ్ ఓడ నుంచి చమురు ఒలికాక, చమురు ఓడలకు రెండు పొరల గోడ ఉండాలన్న నియమం వచ్చింది. 2020 జనవరి 1 నుంచి ఓడల ఇంధనంలో గంధకం 0.5 శాతం దాటకూడదని ప్రపంచమంతటికీ హద్దు పెట్టారు. అంటే ఓడ నడుస్తూనే సముద్రం బతకగలదని రుజువైంది. ఇంకా ప్రమాదాలు జరుగుతున్నాయి కాబట్టి పని పూర్తికాలేదు, అంతే.

మార్గం ఉంది

నాలుగోది మార్గం. అష్టాంగ మార్గంలో సమ్యక్ ఆజీవం ఒక అంగం. గృహస్థు చేయకూడని ఐదు వ్యాపారాలను బుద్ధుడు పేరుపేరునా చెప్పాడు: ఆయుధాలు, ప్రాణులు, మాంసం, మత్తు, విషం. విషం అమ్మేవాడి గురించే కాదు, సరుకు పేరుతో విషాన్ని దాచి తరలించేవాడి గురించి కూడా మనం ఈ కాలంలో ఆలోచించాలి. ఏ కంటైనర్‌లో ఏముందో దాచకుండా రాయడం ఒక కాగితం పని కాదు, అది శీలం. ముసావాదం నుంచి దూరంగా ఉంటామని మనం రోజూ చెప్పుకునే నాలుగో శీలం ఇక్కడ వర్తిస్తుంది.

సిగాలోవాద సుత్తంలో సంపద కూడబెట్టుకోవడం తప్పని బుద్ధుడు అనలేదు. తేనెటీగలా కూడబెట్టమన్నాడు. తేనెటీగ పువ్వు దగ్గరికి పోతుంది, తేనె తీసుకుంటుంది, పువ్వు మాత్రం చెడదు. సముద్రం మీద ఓడ తేనెటీగలా ఉండాలి. ఇదే ఈ విషయంలో మధ్యమ మార్గం.

ఇంకో ఉదాహరణ. మన దగ్గర చిత్రావతి బ్యాలెన్సింగ్ రిజర్వాయర్ ఉంది, పులివెందులవాళ్లు సి.బి.ఆర్. అంటారు. దాని పేరులోనే సమతుల్యం ఉంది. నీళ్లన్నీ పట్టి ఉంచితే కట్ట నిలవదు. అన్నీ వదిలేస్తే తోట ఎండుతుంది. ఎప్పుడు ఎంత వదలాలో లెక్క ఉండాలి, ఆ లెక్క చూసే మనిషి మెలకువగా ఉండాలి. ఆ మెలకువనే మనం సమ్యక్ స్మృతి అంటాం.

వస్సావాసం కూడా ఇదే నేర్పుతుంది. వానాకాలంలో భిక్ఖువులు తిరుగుతుంటే పచ్చటి మొలకలు, చిన్న ప్రాణులు కాళ్లకింద నలుగుతున్నాయని జనం అన్నారు. బుద్ధుడు ఆ మాట విన్నాడు. చారికను పూర్తిగా మానమనలేదు, మూడు నెలలు ఒకచోట ఉండమన్నాడు. మన ఆంధ్ర తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవల వేట ఆపుతారు, చేపలు గుడ్లు పెట్టే కాలమని. అది సముద్రానికి వస్సావాసం. ఇంజను పడవ మీద బతికే పట్టపోడు రెండు నెలలు ఆగగలిగినప్పుడు, కోట్ల సరుకు మోసే ఓడ తాబేళ్లు గుడ్లు పెట్టే తీరాల దగ్గర కాస్త నిదానించలేదా? రేవు కట్టేవాడు ఆ తీరాన్ని విడిచి ఇంకో చోటు చూసుకోలేడా?

భారం ఎవరిది?

ఇప్పుడు కష్టమైన మాట. రేవు వస్తే పనులొస్తాయి. మన పిల్లలకూ ఉద్యోగాలు కావాలి. చదువుకున్న పిల్లోడు ఇంట్లో కూర్చుంటే కడుపు మండేది తల్లికే. కాబట్టి రేవు వద్దనడం తేలిక కాదు, అనాల్సిన పనీ లేదు. అడగాల్సింది వేరే ఉంది: లాభం ఎవరికి పోతోంది, నష్టం ఎవరికి పోతోంది?

మన తూర్పు తీరంలో అలలు ఇసుకను ఏడాది మొత్తం మీద దక్షిణం నుంచి ఉత్తరానికి మోసుకుపోతాయి. చెన్నైలో రేవు కోసం సముద్రంలోకి గోడ కట్టినప్పుడు ఆ ఇసుక గోడకు దక్షిణాన ఆగింది. మెరీనా బీచి అంత వెడల్పయింది. ఉత్తరాన రాయపురం వైపు ఇసుక రాక, సముద్రం ఇళ్లను కోసుకుంటూ పోయింది. గోడ ఒకటే. ఒకవైపు సాయంత్రం షికారుకు వచ్చేవాళ్లకు చల్లగాలి, ఇంకోవైపు పట్టపోళ్లకు గూడు పోవడం. ఊరి నీళ్ల గట్టు ఎవరిదో, వాడకు దూరంగా ఎవరి ఇళ్లున్నాయో తెలిసిన మనకు ఈ లెక్క వేరే చెప్పాలా?

బాబాసాహెబ్ రాసిన 'బుద్ధుడు ఆయన ధమ్మం'లో సిద్ధార్థుడు ఇల్లు విడిచింది రోహిణీ నది నీళ్ల తగాదా వల్ల. శాక్యులు యుద్ధం అన్నారు, ఆయన మాట్లాడుకుని తేల్చుకుందాం అన్నాడు. నీళ్లు ఎవరో ఒకరి సొత్తు కాదు, అందరూ కూర్చుని పంచుకోవాల్సినవి అన్న బుద్ధి అది. ఆ బుద్ధితోనే బాబాసాహెబ్ వైస్రాయ్ కార్యవర్గంలో ఉన్నప్పుడు 1945లో జలమార్గాలు, సాగునీరు, నౌకాయానం మూడింటినీ కలిపి చూసే కేంద్ర కమిషన్ ఏర్పడింది. ఇవాళ్టి కేంద్ర జల సంఘానికి మూలం అదే. పడవ, పొలం, నది వేర్వేరుగా చూడాల్సినవి కావని ఆయన అప్పుడే గ్రహించారు.

పరిహారం సంగతికి మళ్లీ వస్తున్నా. 2025 జులైలో శ్రీలంక సుప్రీంకోర్టు ఎక్స్‌ప్రెస్ పెర్ల్ ఓడకు సంబంధించినవాళ్లు 100 కోట్ల డాలర్ల పరిహారం కట్టాలని తీర్పు ఇచ్చింది. ఎల్సా 3 విషయంలో కేరళ ప్రభుత్వం 9,531 కోట్ల రూపాయలు కోరుతూ హైకోర్టుకు వెళ్లింది. మురికి చేసినవాడే మూల్యం కట్టాలి అన్న సూత్రం ఇది. మన భాషలో చెప్పాలంటే, కమ్మం చేసినవాడే దాని ఫలితం మోయాలి. ఇంకొకడి కమ్మానికి పట్టపోడు ఫలితం అనుభవిస్తుంటే, అది పూర్వజన్మ పాపం కాదు, ఈ జన్మలోని అన్యాయం. పూర్వజన్మ మాట చెప్పి పేదవాడి నోరు మూయడాన్ని బాబాసాహెబ్ ఒప్పుకోలేదు, మనమూ ఒప్పుకోకూడదు.

మనం చేయగలిగింది

ఒకటి, పెన్నలో, చిత్రావతిలో, పాపఘ్నిలో చెత్త వేయవద్దు. పెళ్లిళ్ల పేపరు ప్లేట్లు, గ్లాసులు, పూజ సామాన్లు ఏటిలో కుమ్మరిస్తుంటే ఆపండి. తగాదా పెట్టుకోవద్దు, చెప్పండి. పంచశీలలో మొదటి శీలం ప్రాణిహింస నుంచి దూరంగా ఉండడం. కవరు మింగి చచ్చే తాబేలు కూడా ప్రాణే.

రెండు, మన పిల్లల్లో ఎవరైనా రేవులోనో, ఓడ మీదో, శుభ్రం చేసే కాంట్రాక్టులోనో పనికి పోతే, తొడుగులు, బూట్లు, బీమా లేకుండా పనిలోకి దిగవద్దని చెప్పండి. అది భయం కాదు, ఆత్మగౌరవం.

మూడు, రేవు అయినా, గని అయినా, ఫ్యాక్టరీ అయినా కట్టే ముందు చట్టం ప్రకారం ప్రజాభిప్రాయ సేకరణ జరగాల్సిన చోట్ల, ఆ సభకు వెళ్లండి. నలుగురు ఉపాసకులు కలిసి వెళ్లి, లాభం ఎవరికి, నష్టం ఎవరికి అని రెండు ప్రశ్నలు అడిగి, జవాబు రాయించండి. పర్యావరణాన్ని కాపాడడం, ప్రాణుల పట్ల కరుణ చూపడం పౌరుడి బాధ్యత అని 1976లో రాజ్యాంగంలో చేర్చిన 51ఏ అధికరణం చెప్తోంది. మన 22 ప్రతిజ్ఞల్లో కూడా సకల ప్రాణుల మీద కరుణ ఉంది. రాజ్యాంగమూ ధమ్మమూ ఇక్కడ ఒకే మాట చెప్తున్నాయి.

నాలుగు, మెత్తా భావన చేసేటప్పుడు సముద్రం మీద రాత్రిపూట మేలుకుని ఓడ నడిపేవాళ్లను, ఒడ్డున వల బాగుచేసుకునేవాళ్లను, నీటిలోని ప్రాణులను కూడా తలచుకోండి. కంటికి కనపడనివాళ్లకు సుఖం కోరడమే మెత్తా.

ధమ్మ బంధువులారా, పెన్న తన పేరు వదిలి సముద్రంలో కలుస్తుంది. మనం కూడా కులం పేరు వదిలి ధమ్మంలో కలిశాం. మనకు ఆ ఉపమానం ఇచ్చిన సముద్రం ఎవరి లోభం వల్లో చెడుతుంటే, అది మన ఊరికి చాలా దూరం అనుకుని ఊరుకోవడం ఉపాసకుల పద్ధతి కాదు. ఓడ నడవాలి, సముద్రం బతకాలి, రెండింటి భారం పేదవాడి చేతుల మీద పడకూడదు. ఈ పౌర్ణమికి బుద్ధవిహారంలో కూర్చున్నప్పుడు ఈ కరపత్రం ఒకరు చదవండి, మిగతావాళ్లు వినండి, పిల్లలతో మాట్లాడండి.

సర్వ ప్రాణులూ సుఖంగా ఉండుగాక.

నమో బుద్ధాయ! జై భీమ్!